బాకీ తేల్చుకోవడానికి ఏ దారి: బ్యాంకు మేనేజరా, లోక్ అదాలతా, ఊరి పెద్దమనుషులా?

ఆ మధ్య ఒకరోజు పొద్దున్నే మా బావ ఫోన్ చేశాడు. గొంతు తేడాగా ఉంది. "బామ్మర్దీ, లోక్ అదాలత్ నుంచి నోటీసొచ్చింది రా, శనివారం వెళ్ళకపోతే అరెస్టంట, అక్కకి మాత్రం చెప్పకు" అని ఒకటే కంగారు. ఫోటో పెట్టమంటే పెట్టాడు, చూస్తే క్రెడిట్ కార్డు తరఫున ఎవరో లాయర్ ఆఫీసు వాళ్ళు వాట్సాప్‌లో పంపిన కాగితం, ఫలానా శనివారం లోక్ అదాలత్ ఉంది వచ్చి సెటిల్ చేసుకోండి అని ఉంది అంతే, అరెస్టు అన్నది ఫోన్‌లో రికవరీ కుర్రాడు దట్టించిన మసాలా. లోక్ అదాలత్‌కి వెళ్ళకపోతే జైలూ లేదు జరిమానా లేదు, వెళ్ళాక కూడా వాళ్ళు చెప్పిన లెక్క నచ్చకపోతే సంతకం పెట్టకుండా లేచి వచ్చేయొచ్చు. ఈ ఒక్క ముక్క తెలియక రాత్రంతా నిద్ర లేకుండా కూర్చున్నాడు పాపం.

నేను లాయర్‌ని కాదండి. మండల లీగల్ సర్వీసెస్ కమిటీలో పారా లీగల్ వాలంటీర్‌గా నాలుగేళ్ళు చేశా, అర్జీలు రాసిపెట్టడం, ఇటువాళ్ళని అటువాళ్ళని కూర్చోబెట్టడం, అదే పని. అక్కడ చూసినదాన్ని బట్టీ బావ మూడు అప్పులు మూడు రకాలుగా తేల్చినదాన్ని బట్టీ రాస్తున్నా. కోర్టులో దావా దాకా పోకుండా బాకీ తేల్చుకోవడానికి మన దగ్గర దారులు చాలానే ఉన్నాయి, కాకపోతే ఒకడికి పనికొచ్చింది ఇంకొకడికి కొంప ముంచుద్ది.

అందరూ నన్ను అడిగేది "అయిదు లక్షలుంది ఏం చెయ్యాలి" అని. నేను తిరిగి అడిగేది అవతలోళ్ళ చేతిలో ఏం కాగితం ఉంది అని. ప్రామిసరీ నోటా, సంతకం పెట్టిన ఖాళీ చెక్కా, ఇంటి దస్తావేజులా, బంగారమా, ఏమీ లేని క్రెడిట్ కార్డా. దారి తేలేది దీన్ని బట్టే. యాభై వేల బాకీకి ఖాళీ చెక్కు ఇచ్చినోడు అయిదు లక్షల కార్డు బాకీ ఉన్నోడి కంటే ముందు కంగారు పడాలి.

బావకి ఉన్నవి ఇవి: క్రెడిట్ కార్డు 1,40,000, ప్రైవేటు బ్యాంకులో పర్సనల్ లోన్ మిగిలింది 5 లక్షలు, టౌన్‌లో ఒక వ్యాపారి దగ్గర నోటు మీద 2 లక్షలు రెండు రూపాయల వడ్డీకి, దానికి తోడు రెండు ఖాళీ చెక్కులు. సెల్‌ఫోన్ సామాన్ల షాపు ఆయనది, పక్కనే పెద్ద షోరూం పడ్డాక బేరాలు తగ్గాయి.

ఎవరి దగ్గరికి వెళ్ళేముందైనా ఇంట్లో కూర్చుని ఒక లెక్క తేల్చుకోవాలి, నెలకి నిజంగా ఎంత కట్టగలం అని. బావ ధీమాగా "30 వేలు కట్టేస్తా" అన్నాడు. షాపు లెక్కలు తీస్తే చేతికి వచ్చేదే 38, అందులో అద్దె, పిల్లల ఫీజులు, సరుకులు, అత్తయ్య మందులు పోను 19 వేలు మిగిలితే గొప్ప. ఆ 30 అని ఎక్కడైనా సంతకం పెట్టుంటే మూడో నెలకే మాట తప్పేవాడు, ఒప్పందం చేసుకుని తప్పితే అసలు ఒప్పందం లేనప్పటి కంటే అధ్వాన్నం, ఎందుకో కింద లోక్ అదాలత్ దగ్గర చెప్తా. ఈ లెక్క ఇంట్లోవాళ్ళకి తెలియకుండా తేలదు, అందుకే ఆ సాయంత్రమే అక్కకి చెప్పించా. రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు తనే చీటీల పుస్తకం తీసుకొచ్చి ముందర పడేసింది.

బ్యాంకుతో నేరుగా మాట్లాడుకోవడం

ఇందులో రెండు వేరే వేరే గుమ్మాలున్నాయి, జనం రెండూ ఒకటే అనుకుంటారు. ఒకటి రీస్ట్రక్చర్, అంటే కాలం పెంచి కిస్తీ తగ్గించడం. రెండోది ఓటీఎస్, వన్ టైమ్ సెటిల్మెంట్, కొంత వదిలేసి మిగతాది ఒకేసారో రెండు మూడు విడతల్లోనో కట్టించుకోవడం. మధ్యలో ఉన్న గోడ 90 రోజులు. కిస్తీ తప్పిన రోజు నుంచి బ్యాంకు లోపల లెక్క మొదలవుద్ది, 30 రోజుల దాకా ఎస్ఎంఏ 0 (జాగ్రత్తగా చూడాల్సిన ఖాతా అని వాళ్ళు వేసే గుర్తు), 60 దాకా ఎస్ఎంఏ 1, 90 దాకా ఎస్ఎంఏ 2, అది దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. గోడకి ఇవతల ఉన్నప్పుడు రీస్ట్రక్చర్ అడగాలి, అవతల పడ్డాక బ్యాంకు మాట్లాడేది ఎక్కువగా ఓటీఎస్ గురించే.

సంపాదన ఉంది కానీ తగ్గింది అనుకునేవాళ్ళకి రీస్ట్రక్చరే మేలు, నా మాట ఇదే. బావ లోన్ 14 శాతం మీద ఉంది. 5 లక్షలకి మూడేళ్ళయితే కిస్తీ 17,088, అదే అయిదేళ్ళకి సాగదీస్తే 11,634. నెలకి అయిదున్నర వేలు ఊపిరి. ఉత్తినే రాదు, మొత్తం మీద వడ్డీ దగ్గర దగ్గర 83 వేలు ఎక్కువ కడతాం, సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర ఉండే రికార్డులో, రీస్ట్రక్చర్ అని పడొచ్చు కూడా, కానీ షాపు నడుస్తుంది మాట పోదు. అడిగే పద్ధతి ముఖ్యం, నోటితో అడిగితే కౌంటర్ దగ్గరే "కుదరదు సార్" అని పంపేస్తారు, మెయిల్ పెట్టాలి. ఆదాయం ఎందుకు తగ్గింది, దానికి రుజువు ఏంటి (జీఎస్టీ రిటర్నులో, ఉద్యోగం తీసేసిన లెటరో, హాస్పిటల్ బిల్లులో), నెలకి ఇంత కట్టగలను ఇన్నేళ్ళు ఇవ్వండి అని అంకె వేసి మరీ అడగాలి. "ఏదో ఒకటి చెయ్యండి సార్" అన్నదానికి జవాబు రాదు. బావకి మొదటి మెయిల్‌కి రాలేదు, రెండోది బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి కూడా పెట్టాక పదకొండో రోజు ఫోన్ వచ్చింది.

ఇక ఓటీఎస్. సంపాదన పోయింది, వ్యాపారం మూసేశాం, చేతిలో కొంత మొత్తం మాత్రం ఉంది అనుకునేవాళ్ళకి ఇది. దీన్ని హక్కుగా అడగలేం, ఇవ్వడం ఇవ్వకపోవడం బ్యాంకు ఇష్టం అని 2021లో సుప్రీంకోర్టు ఒక కోఆపరేటివ్ బ్యాంకు కేసులో తేల్చేసింది. సిబిల్‌లో క్లోజ్డ్ అని కాకుండా సెటిల్డ్ అని పడుద్ది, ఇల్లు కట్టుకోవడానికి లోన్‌కి పోయిన రోజు అది అడ్డం వస్తుంది. పైగా ఆర్బీఐ 2023 జూన్‌లో ఇచ్చిన నియమాల ప్రకారం సెటిల్ చేసుకున్నవాళ్ళకి ఆ బ్యాంకు కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వకూడదు, పంట రుణాల సంగతి వేరు.

ఓటీఎస్‌లో నేను చూసిన మోసాలన్నీ ఒక్క చోటే జరిగాయి, డబ్బు కట్టే చోట. రికవరీ ఏజెంట్ "ఇవాళ 40 వేలు నాకు ఫోన్‌పే చెయ్యండి, క్లోజ్ చేయిస్తా" అంటాడు. చెయ్యొద్దు. బ్యాంకు లెటర్ హెడ్ మీద, మీ లోన్ నంబరు, ఎంత, ఏ తేదీ లోపల, కడితే ఇంకేమీ బాకీ ఉండదు అన్న నాలుగు ముక్కలు ఉన్న లెటర్ చేతికొచ్చాకే, అది కూడా లోన్ అకౌంట్‌కే కట్టాలి. ఒక ఆవిడ ఏజెంట్ మాట నమ్మి 65 వేలు ఆయన నంబరుకి కొట్టి రెండేళ్ళ తర్వాత మా ఆఫీసుకి వచ్చింది, ఆ ఏజెన్సీయే లేదు ఇప్పుడు.

ఇంకోటి, పర్సనల్ లోన్ స్టేట్‌మెంట్ అడిగి ఆలస్యం పేరుతో ఏం వేశారో చూసుకోండి. 2024 నుంచి పీనల్ వడ్డీ అని వేసి దాన్ని అసల్లో కలిపి మళ్ళీ దాని మీద వడ్డీ లాగడం కుదరదు, పీనల్ ఛార్జీ అని విడిగా చూపించాలి. క్రెడిట్ కార్డుకి మాత్రం ఇది వర్తించదు, అందుకే కార్డు బాకీ అంత స్పీడుగా పెరుగుద్ది, నెలకి మూడున్నర శాతం అంటే ఏడాదికి 42. మన ఊళ్ళో వడ్డీ వ్యాపారి మూడు రూపాయలంటే తిట్టుకుంటాం, కార్డు వాడిది మూడున్నర రూపాయలు.

ఆ లెక్కన ఇంట్లో బంగారం ఉండి కార్డు బాకీ మోస్తున్నవాళ్ళు ఎవరితోనూ బేరాలు ఆడక్కర్లేదు, గోల్డ్ లోన్ తీసుకుని కార్డు పూర్తిగా కట్టేసి క్లోజ్డ్ అని వేయించుకోవడం వందరెట్లు నయం. బావ వాళ్ళింట్లో బంగారం అప్పటికే తాకట్టులో ఉంది కాబట్టి ఆ దారి లేదు.

ఇల్లు తాకట్టు పెట్టిన లోన్ అయితే ఆట వేరు. సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని బ్యాంకే స్వాధీనం చేసుకుని అమ్ముకునే చట్టం) కింద నోటీసు వస్తే 60 రోజుల గడువు ఉంటుంది, ఆ నోటీసుని బీరువాలో దాచిపెట్టేవాళ్ళే ఎక్కువ, కానీ మాట్లాడుకోవడానికి అదే మంచి టైము. మీ అభ్యంతరం రాతపూర్వకంగా పంపితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఎలాగూ నిలబెట్టుకోలేం అనిపిస్తే బ్యాంకు ఒప్పుకోలుతో మనమే కొనేవాణ్ణి చూసుకుని అమ్ముకోవడం మంచిది, వేలంలో వచ్చే రేటుకి దీనికి చాలా తేడా ఉంటది. వ్యవసాయ భూమి మీద సర్ఫేసీ నడవదు. స్వాధీనం నోటీసు అంటించేదాకా వస్తే 45 రోజుల్లో డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి, హైదరాబాద్‌లోనో విశాఖలోనో, అది ఇక లాయర్ పని.

లోక్ అదాలత్

జాతీయ లోక్ అదాలత్ ఏడాదికి నాలుగుసార్లు పెడతారు, ఎక్కువగా రెండో శనివారం. కోర్టు ఆవరణలోనే ఉంటది కాబట్టి జనం భయపడతారు కానీ అక్కడ సాక్ష్యాలూ వాదనలూ ఏమీ ఉండవు, బల్లకి అటు బ్యాంకు మనిషి ఇటు మనం, మధ్యలో జడ్జిగారు, పక్కన ఒక లాయరో సామాజిక కార్యకర్తో. ఇంకా కేసు వేయని బాకీలు కూడా అక్కడ పెట్టొచ్చు, వాటిని పీఎల్‌సీలు అంటారు, ప్రీ లిటిగేషన్ కేసులన్నమాట. దానికి ఫీజు లేదు, తెల్ల కాగితం మీద అర్జీ రాసి మండల కమిటీలోనో జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీలోనో ఇస్తే అవతలి వాళ్ళకి నోటీసు వాళ్ళే పంపుతారు. ఆల్రెడీ కోర్టులో ఉన్న దావా ఇక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి ఇస్తారు. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 15100కి ఫోన్ చెయ్యండి. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయం ఎంతున్నా లాయర్‌ని ఫ్రీగా ఇస్తారు, ఈ సంగతి ఎంతమందికి చెప్పినా కొత్తగానే వింటారు.

బావ కార్డు బాకీ అక్కడే తేలింది. నిజం చెప్పాలంటే బల్ల దగ్గర తేలలేదు, ముందు వారం రోజులు ఫోన్‌లో నలిగి అక్కడ సంతకం అయ్యింది. 1,40,000లో వాడుకున్నది 82 వేలు, మిగిలిందంతా వడ్డీ, లేట్ ఫీజు, దాని మీద జీఎస్టీ. వాళ్ళు లక్షా పది నుంచి మొదలెట్టారు, మేం చీటీ పాడితే వచ్చే డబ్బు లెక్కేసుకుని 80 వేలు రెండు విడతలు అన్నాం, నెలాఖరు దగ్గరపడే కొద్దీ వాళ్ళే దిగారు. టార్గెట్లు ఉంటాయి వాళ్ళకి, మార్చి నెలలో అడిగి చూడండి గొంతే మారిపోద్ది.

ఇప్పుడు పైన ఆపిన మాట. లోక్ అదాలత్‌లో సంతకం పెట్టిన కాగితం పేరు అవార్డు. అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అంటే మీరు కిస్తీ తప్పితే అవతలోళ్ళు కొత్తగా దావా వెయ్యక్కర్లేదు, నేరుగా ఈపీ (డిక్రీని అమలు చెయ్యమని కోర్టులో వేసే పిటిషను) వేసి జీతమో ఆస్తో జప్తుకి పోవచ్చు. చెక్ బౌన్స్ కేసులో రాజీ పడినా అంతే, ఆ అవార్డుని కూడా సివిల్ డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అందుకే అక్కడ ఎవరో పెద్దమనిషి "ఒప్పేసుకో అయిపోద్ది" అంటే ఊపులో పెద్ద అంకెకి సంతకం పెట్టొద్దు. వీలైతే ఒక నెల తప్పితే 15 రోజుల గ్రేస్ అనో, రెండు కిస్తీలు వరసగా తప్పితేనే ఒప్పందం రద్దు అనో రాయించుకోండి, అడిగితే రాస్తారు.

పర్మనెంట్ లోక్ అదాలత్ అని ఇంకోటి ఉంది, పేరు ఒకేలా ఉంటది గానీ అది వేరే. కరెంటు, ఇన్సూరెన్స్, హాస్పిటల్ లాంటి ప్రజా సేవల గొడవలకి పెట్టింది, ముందు రాజీకి చూస్తారు, కుదరకపోతే కోటి రూపాయల లోపు వ్యవహారమైతే వాళ్ళే తీర్పు ఇచ్చేయొచ్చు. మామూలు లోక్ అదాలత్‌లో లాగా ఇష్టం లేదని లేచి వచ్చేస్తే అయిపోదు. నోటీసు వస్తే ముందు పైన ఏం పేరుందో చదవండి.

పెద్దమనుషుల దగ్గర

చేబదుళ్ళు, నోటు బాకీలు మన ఊళ్ళలో ఇప్పటికీ ఎక్కువ తేలేది ఇక్కడే. మంచేంటంటే రెండు సాయంత్రాల్లో తేలిపోద్ది, అవతలోడి పెళ్ళాం బిడ్డల సంగతి వీళ్ళకి, వీళ్ళ సంగతి వాళ్ళకి తెలుసు, కాస్త జాలీ మొహమాటం పనిచేస్తాయి. చెడ్డేంటంటే ఆ పెద్దమనిషి కూడా ఆ వ్యాపారి దగ్గరే వడ్డీకి డబ్బులు పెట్టి ఉండొచ్చు. పొలం రాసివ్వు, ఇల్లు అగ్రిమెంట్ చెయ్యి అనే మాట వస్తే అక్కడితో ఆపేసి లేవండి. అప్పుకి హామీ అని చెప్పి అమ్మకం అగ్రిమెంట్ రాయించుకోవడం కృష్ణా గుంటూరు వైపు బాగా ఉంది, రాసేటప్పుడు "ఊరికే ఫార్మాలిటీ" అంటారు, 2015లో విజయవాడ కాల్ మనీ (అధిక వడ్డీ అప్పుల) గొడవ బయటపడినప్పుడు ఇలాంటి కాగితాలు ఎన్ని బయటికొచ్చాయో ఆ రోజుల్లో పేపర్ చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటది.

బావ నోటు కథ చెప్తా, ఇందులో నేర్చుకోవాల్సింది ఉంది. 2 లక్షలు, రెండు రూపాయలంటే నెలకి 4 వేలు. నోటు రాసి 34 నెలలైంది. వ్యాపారి కబురు పెట్టాడు, 1,36,000 వడ్డీ కలిపి 3,36,000కి నోటు తిరగరాయమని. మూడేళ్ళు దాటితే నోటుకి కాలదోషం పడుద్ది, అంటే ఇక దాని మీద దావా చెల్లదు, కాబట్టి ఆయన తొందర ఆయనది. ఇక్కడ రెండు గుంటలు. మొదటిది, తిరగరాస్తే వడ్డీ అంతా అసలైపోయి రేపట్నుంచి 3,36,000 మీద రెండు రూపాయలు నడుస్తుంది. రెండోది, బావ 14 నెలలు వడ్డీ కట్టాడు, 56 వేలు, అంతా చేతికి క్యాష్, నోటు వెనకాల ఒక్క చెల్లు కూడా వేయించుకోలేదు. "తెలిసినాయనేగా" అన్నాడు. తెలిసినాయన నేను వచ్చానని తెలిసి మరీ "ఎప్పుడిచ్చావ్" అన్నాడు. నయం, బావ షాపు చిట్టా పుస్తకంలో ఏ తేదీకి ఆ తేదీ రాసుకున్నాడు, అందులో రెండుసార్లు డబ్బు తీసుకెళ్ళింది ఆ వ్యాపారి కొడుకే, వాడు పెద్దమనుషుల ముందు కాదనలేకపోయాడు.

ఇది చదివేవాళ్ళకి ఒక్కటి, ప్రతి పైసా ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కొట్టి వడ్డీ అనో అసలు అనో నోట్ రాయండి, క్యాష్ తప్పకపోతే చెల్లు వేయించండి. చెల్లు కింద మీ సంతకం ఉంటే మూడేళ్ళ గడువు ఆ తేదీ నుంచి మళ్ళీ మొదలవుద్ది కాబట్టి అప్పిచ్చినోడు కూడా వద్దనడు. మూడేళ్ళు దాటిపోయిన పాత నోటుని మొహమాటానికి తిరగరాసి ఇస్తే మాత్రం చచ్చిన అప్పుకి మళ్ళీ ప్రాణం పోసినట్టే, చట్టం దాన్ని కొత్త వాగ్దానంగానే చూస్తుంది. ఎగ్గొట్టమని చెప్పట్లేదు, తెలిసి సంతకం పెట్టమంటున్నా.

కట్టిన 56 వేలు తీసేస్తే లెక్క 2,80,000. పెద్దమనుషులు ఇద్దరు, ఒకరు మా తరఫున ఒకరు ఆయన తరఫున, 2,40,000కి తెగ్గొట్టారు, నెలకి 6 వేలు చొప్పున 40 నెలలు, ఈ రోజు నుంచి వడ్డీ లేదు. ఆయన ఎందుకు ఒప్పుకున్నాడంటే దావా వేస్తే కోర్టు ఫీజు, లాయర్ ఫీజు, ఏళ్ళు పట్టుద్ది, డిక్రీ వచ్చాక మళ్ళీ ఈపీ. పైగా లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేసేవాళ్ళు కోర్టు మెట్లెక్కాలంటే వాళ్ళకీ గుబులుంటది.

కానీ ఆ ఒప్పందం తెల్లకాగితం మీదే ఆపేస్తే సగం పనే. ఎల్లుండి ఆయన మాట మారిస్తే ఆ కాగితానికి కోర్టులో మామూలు ఒప్పందానికి ఉన్న విలువే, ఈలోపు ఖాళీ చెక్కు బ్యాంకులో పడేస్తే పరుగులు పెట్టాల్సింది మనమే. అందుకే నేను అందరికీ చెప్పేది, తేల్చుకోవడం పెద్దమనుషుల దగ్గర తేల్చుకోండి, ముద్ర మాత్రం లోక్ అదాలత్‌లో వేయించండి. పీఎల్‌సీగా పెట్టి ఇద్దరూ సంతకాలు చేస్తే పైసా ఖర్చు లేకుండా అవార్డు వచ్చేస్తుంది, ఆయనకి డిక్రీ చేతికొస్తుంది, మనకి ఇంతకు మించి అడగలేరన్న ధైర్యం వస్తుంది. వ్యాపారికి కూడా ఇదే నచ్చింది, ఆయనే మమ్మల్ని కారులో తీసుకెళ్ళాడు.

ఖాళీ చెక్కు గురించి విడిగా చెప్పాలి. సంతకం ఒక్కటే మీదైనా, అంకె వేరేవాళ్ళు రాసినా, బాకీ తీర్చడానికే ఇచ్చారని కోర్టు మొదట అనుకుంటుంది, కాదని చూపించుకోవాల్సిన బరువు మన మీదే. చెక్కు బౌన్స్ అయితే అవతలోళ్ళు 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక మనకి 15 రోజులుంటాయి, రాజీకి అన్నిటికంటే మంచి కిటికీ ఆ 15 రోజులే. ఆ తర్వాత 138 కేసు, అంటే చెక్ బౌన్స్ క్రిమినల్ కేసు పడినా ఎప్పుడైనా రాజీ పడొచ్చు గానీ వాయిదాలు తిరగడం మొదలైపోద్ది. ఒప్పందం కాగితంలో చెక్కుల నంబర్లు వేసి, ఏ రోజు వెనక్కి ఇస్తారో రాయించండి. బావకి అప్పిచ్చిన ఆ వ్యాపారి ఒక చెక్కు అప్పుడే వెనక్కి ఇచ్చాడు, రెండోది కనపడట్లేదన్నాడు, ఆ నంబరు వేసి "ఇది దొరికినా వాడను" అని అవార్డులోనే రాయించాం. తర్వాత వారానికి దొరికిందనుకోండి.

మిగతావి చకచకా

సెటిల్మెంట్ కంపెనీలు. ఇన్‌స్టాలో యాడ్‌లు చూస్తుంటారుగా, సగం కడితే చాలు అని. వాళ్ళు చేసేది ఏంటంటే కిస్తీలు ఆపేయమని, నెలనెలా ఆ డబ్బు పక్కన వేయించి, బాకీ బాగా పాతబడ్డాక బ్యాంకుతో బేరమాడటం, మధ్యలో వాళ్ళ ఫీజు. ఇది ఆర్బీఐ లైసెన్సు ఇచ్చే వ్యాపారం కాదు. ఆపేసిన ఆ నెలల్లో వడ్డీ ఆగదు, ఫోన్లు ఆగవు, బ్యాంకు కేసు వేస్తే వాళ్ళు ఆపలేరు. అయిదారు కార్డులు ఉండి, ఉద్యోగం పోయి, ఫోన్ ఎత్తే ఓపిక కూడా లేనివాళ్ళకి కొంత పనికొస్తుందేమో, ఒకటి రెండు అప్పులకి మాత్రం వీళ్ళకి ఇచ్చే ఫీజు శుద్ధ దండగ, అదే మెయిల్ మనమూ రాయగలం.

అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్బీఐ అధికారి. ఇక్కడ బాకీ తగ్గించరు, ఆ ఆశతో వెళ్ళొద్దు. ఏజెంట్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేస్తున్నా, చుట్టాలకి చేసి పరువు తీస్తున్నా, కట్టేశాక కూడా సిబిల్ సరిచెయ్యకపోయినా అప్పుడు పనికొస్తుంది. ముందు బ్యాంకుకి రాసి 30 రోజులు చూసి, ఆ తర్వాత ఆర్బీఐకి. 14448 వాళ్ళ నంబరు, ఫ్రీ.

లోన్ యాప్‌లు. ఏ బ్యాంకు, ఏ ఎన్‌బీఎఫ్‌సీ (ఫైనాన్స్ కంపెనీ) ఇచ్చిందో పేరు కూడా కనపడని యాప్ అయితే బేరాలొద్దు, ఒప్పందాలొద్దు, ఫోటోలు మార్ఫ్ చేస్తామన్న మరుక్షణం సైబర్ క్రైమ్ నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. వాళ్ళకి ఒకసారి ఎక్కువ కడితే ఇంకోసారి అడుగుతారు అంతే.

డ్వాక్రా గ్రూపు బాకీ అయితే ముందు గ్రూపు మీటింగ్‌లోనే చెప్పేయండి, ఒకరు ఆపితే పదిమంది సున్నా వడ్డీ పోద్ది, చెప్పకుండా ఆపితేనే గొడవ. తెలంగాణలో చిన్న రైతులకి, వ్యవసాయ కూలీలకి, గ్రామీణ చేతివృత్తుల వాళ్ళకి 2016 చట్టం కింద రుణ విమోచన కమిషన్ అని వేరే ఉంది, వడ్డీ వ్యాపారి పీడిస్తుంటే అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. గల్ఫ్‌లో ఉండి, వీసా కోసం చేసిన అప్పుకి ఇక్కడ వడ్డీ పెరుగుతున్నవాళ్ళు లీవు దొరికే దాకా ఆగక్కర్లేదు, అక్కడి ఇండియన్ ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపితే ఇంట్లోవాళ్ళు లోక్ అదాలత్‌లో కూర్చుని సంతకం పెట్టొచ్చు.

ఐపీ. "అంత కాకపోతే ఐపీ పెట్టేస్తా" అనే మాట మన దగ్గర తిట్టులాగా బెదిరింపులాగా వాడేస్తారు గానీ అది 1920 నాటి చట్టం కింద కోర్టులో వేసే దివాలా పిటిషను, కోర్టుకి వెళ్ళకుండా తేల్చుకునే దారుల్లో రాదు. మన ఆస్తి కోర్టు పెట్టిన రిసీవర్ చేతిలోకి పోద్ది, దానికి ముందు రెండేళ్ళలో ఇల్లు పెళ్ళాం పేరునో బామ్మర్ది పేరునో ఊరికే రాసేసి ఉంటే దాన్ని కూడా రద్దు చెయ్యొచ్చు. తాకట్టు ఉన్న బ్యాంకుకి ఐపీతో పనే లేదు, తన తాకట్టు తను అమ్ముకుంటుంది. అన్నీ అయిపోయాక మిగిలేది అది.

ఏది ముందు అంటారా, బావకి మేం పెట్టిన వరస చెప్తా. చెక్కులున్న నోటు మొదట, ఎందుకంటే అదొక్కటే క్రిమినల్ కేసు అయ్యేది. తర్వాత పర్సనల్ లోన్, 90 రోజుల గోడ దాటకముందే, అప్పటికి 70 రోజులైంది. కార్డు చివర. రికవరీ వాళ్ళు ఎక్కువ గొంతు చేసేది కార్డు మీదే కాబట్టి అందరూ ముందు అదే కడతారు, అరిచినోడికి ముందు కట్టడం మనకి అలవాటు. ఇప్పుడు నెలకి 11,634 ఒకటి, 6,000 ఒకటి, మొత్తం 17,634, ఆ 19 లోపలే.

కట్టడం అయిపోయాక తీసుకోవాల్సినవి కూడా రాసేస్తా, చాలామంది ఇక్కడ బద్ధకిస్తారు. నోటు చింపేయనివ్వొద్దు, వెనకాల "పూర్తిగా ముట్టినది" అని తేదీతో సంతకం పెట్టించుకుని ఒరిజినలే ఇంటికి తెచ్చుకోవాలి. బ్యాంకు నుంచి నో డ్యూస్ సర్టిఫికెట్. ఇంటి దస్తావేజులు అయితే పూర్తిగా కట్టిన 30 రోజుల్లో ఇవ్వాలి, వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 మీకు వాళ్ళే కట్టాలి, ఇది 2023 డిసెంబర్ నుంచి ఉంది. రిజిస్ట్రార్ ఆఫీసులో తాకట్టు ఎక్కి ఉంటే రిలీజ్ చేయించి, కొత్తగా ఈసీ (ఆస్తి మీద ఉన్న తాకట్టులు చూపించే కాగితం) తీసి బ్యాంకు పేరు పోయిందో లేదో చూసుకోండి. రెండు నెలల తర్వాత సిబిల్ ఒకసారి తెరిచి చూడండి.

బావ కార్డు రెండో విడత కట్టిన రోజు రాత్రి ఫోన్ చేశాడు. లెటర్ వచ్చిందా అని అడిగా. "వచ్చింది, అక్క జిరాక్స్ తీయించి ఒకటి బీరువాలో ఒకటి చీటీల పుస్తకంలో పెట్టింది, నన్ను ముట్టుకోనివ్వట్లేదు" అన్నాడు.